పక్కసీటు బ్రేకు

కిందటి వారం మనం కారు మేస్త్రి షెడ్డు గుమ్మంలో ఆగిపోయాం. మాస్టారు చేతికర్ర నేలకి ఆనించి, సగం రంగు పడిన తన పాత కారు వంక చాలాసేపు చూశారు. "ఇది నేనెక్కాలంటే స్టీరింగు దగ్గర నువ్వుండాలి తల్లీ. అల్లుడు నడిపితే ఎక్కను, మీ అత్త నడిపితే అసలే ఎక్కను. నీవల్ల కాదంటావా, బండిని తుక్కుకి వేసెయ్యండి," అని కూతురితో అనేసి కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయారు. కూతురు లోపలికెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ వారమంతా ఆవిడ తొక్కిన తొక్కుడికి, నోరంటూ ఉంటే ఆ మిషను ఎప్పుడో గోలపెట్టేది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకెళదాం. మాస్టారంటే బడిపంతులు కాదు, డ్రైవింగు స్కూలు మాస్టారు. ఊళ్ళో స్టీరింగు పట్టిన చేతుల్లో సగం చేతులకి ఓనమాలు దిద్దించింది ఆయనే, దిద్దించిన పలక ఈ కారే. ఇంటిల్లిపాదీ దాన్ని పెద్దమ్మ అంటారు. స్కూలుకి కొత్త బండి కొన్నాక పెద్దమ్మని ఇంటికి తెచ్చేసుకుని, అందులో కూతురికి నేర్పడం మొదలుపెట్టారు. ఆ పిల్ల కొన్నాళ్ళు నేర్చుకుని, ఒకరోజు నడివంతెన మీద బండి ఆపి, తలుపు తీసుకుని, నడిచి ఇంటికొచ్చేసింది. మళ్ళీ రోడ్డు మీద స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు. ఆ పిల్లకిప్పుడు నలభై దాటాయి. కార్ల సీట్లు కుడుతుంది కనక అందరూ సీట్లమ్మ అంటారు. మొగుడు కార్ల మేస్త్రి. షెడ్డు ముందు భాగం ఆయనది, వెనక గది ఈవిడది.

నిరుడు మాస్టారికి పక్షవాతం వచ్చి కుడికాలు చచ్చుబడింది. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడవగలరు గాని, కారు సీట్లోకి ఒంగి, పక్కకి తిరిగి, ఆ కాలు లోపలికి లాక్కోవడం ఆయనవల్ల కాదు. ఎక్కాలంటే ఇద్దరు మనుషులు చంకల్లో చేతులు వేసి ఎత్తాలి. ఆస్పత్రి నుంచి వచ్చిననాడు అలా ఎత్తించుకున్నారు. తర్వాత ఇంకే కారూ ఎక్కలేదు. బతుకంతా కార్లోనే గడిపిన మనిషి తన ఇంటికీ కూతురి షెడ్డుకీ మధ్యనున్న రెండు సందుల్లోనే తిరుగుతున్నారు. అది చూడలేకే సీట్లమ్మ పెద్దమ్మ మీద కప్పిన గుడ్డ తీయించింది. బండికి పాతరూపు రావాలి, పక్కసీటు మాత్రం గిర్రున బయటికి తిరగాలి, నాన్న దానిమీద కూర్చుంటే ఎవరూ ముట్టుకోకుండా లోపలికెళ్ళిపోవాలి. ఇదీ ఆవిడ పట్టుదల. అంతా ఒక కొలిక్కి వస్తోందనగా మాస్టారు పెట్టిన మెలికేమిటో ఇందాక విన్నారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మేస్త్రి మాత్రం పనిలో ప్రాణం పెట్టాడు. ఒకదానిమీద ఒకటి పడిన పాత రంగులన్నీ గీకి, తుప్పు తిన్నచోట రేకు కోసి అతికాడు. పుట్టినప్పటి రంగేదో ఎవరికీ గుర్తులేకపోతే, తలుపు అంచున రబ్బరు పీకి దాని కింద ఎండ తగలకుండా ఉండిపోయిన రంగు పట్టుకున్నాడు. వెన్నరంగు. అచ్చం అదే రంగు కలిపించుకొచ్చి, అద్దినకొద్దీ వెనక్కి జరిగి చూసుకుంటూ మురిసిపోయాడు. బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలన్నది ఆయన వెర్రి. ఒక్క బ్రేకుల దగ్గర తగ్గాడు. ముందుచక్రాలకి కొత్తకాలం బండి బ్రేకులు బిగించాడు. "ముసలావిడ పరిగెత్తకపోయినా పర్లేదు, ఆగాలి," అన్నాడు.

సీట్లమ్మ తనవంతుగా లోపలి సీట్లన్నీ విప్పి, పీచుమట్టలా అయిపోయిన పాత దూది తీసి పారేసి, స్పాంజి పేర్చి, గోధుమరంగు రెక్సిన్ తొడిగింది. తిరిగే సీటుకి కింద చక్రం కావాలంటే మొగుడూ పెళ్ళాలిద్దరూ పాతసామాను బజారంతా గాలించారు. చివరికి మూతపడిన సెలూనుదొక కుర్చీ దొరికింది. దాని అడుగునున్న తిరుగుడు చక్రం ఏళ్ళతరబడి ఎంతమందిని మోసిందో గాని చిన్న కిర్రుమనే శబ్దం కూడా లేదు.

ఇక ఈ వారం సంగతి.

పొద్దున్నే సీటు బిగించారు. ముందు సగం తిరిగింది, బాగానే ఉంది. మిగతా సగం దగ్గరకొచ్చేసరికి పాదాలు పెట్టుకునే పలక దేనికో తగిలి ఆగిపోయింది. మేస్త్రి తల వంచి చూశాడు. పక్కసీటు ముందు రెండు పెడల్స్. మామూలు కార్లలో అవి ఉండవు. నేర్పే కార్లలో మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు పెడతారు. అక్కడ తొక్కితే కింద కేబుల్ లాగి, నేర్చుకునేవాడి కాలికింద ఉన్న అసలు పెడల్ కూడా దానంతటది దిగుతుంది. శిష్యుడు గాభరాపడి ఆపడం మర్చిపోతే గురువు ఆపుతాడన్నమాట.

"ఈ రెండూ అడ్డమొస్తున్నాయి," అన్నాడు మేస్త్రి.

"పీకి పారెయ్యండి."

"మావయ్యని ఒకమాట అడిగి..."

"అడగడానికేముంది. బండి పుట్టినప్పుడు అవి ఉన్నాయా? తర్వాత పెట్టించినవేగా. పుట్టినప్పటి రూపు, పుట్టినప్పటి రూపు అని ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేశారు. ఇప్పుడు పీకండి."

ఆ మాటలో ఉన్న కసి చూసి మేస్త్రి నోరు మూసుకున్నాడు. కాపరం చేస్తున్నవాడికి ఏ మాట ఎక్కడ ఆపాలో తెలియాలి కదా. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జారాడు. సీట్లమ్మ దీపం పట్టుకుని పక్కన చతికిలపడింది.

ఆ కసికి కారణం ఆవిడ చెవుల్లో ఉంది. టక్. నేర్చుకునే రోజుల్లో అడుగడుగునా వినపడిన చప్పుడు. ఎదురుగా సైకిలొస్తే టక్. సందులోంచి కుక్క వస్తే టక్. తను బ్రేకు మీద కాలేసేలోపే, ఓరకంట చూస్తే నాన్న కాలు పక్కసీటు బ్రేకు మీద దిగిపోయి ఉండేది. బండి ఆగేది. ఆపింది తను కాదు, నాన్న. లైసెన్సు వచ్చిందా అంటే వచ్చింది, ఆఫీసరు మైదానంలో ఒక చుట్టు తిప్పించి "మాస్టారి కూతురివి, నీకు పరీక్షేంటమ్మా" అని ఇచ్చేశాడు. అదీ నాన్న చలవే. గడువు తీరినప్పుడు కూడా నాన్నే మర్చిపోకుండా తీసుకెళ్ళి కొత్తది ఇప్పించారు. అది అలమరలో మెరుస్తూ పడి ఉండేది. షెడ్డు ఆవరణలో కార్లు ముందుకీ వెనక్కీ జరపడం, ర్యాంపు మీదికి ఎక్కించడం రోజూ చేసే పనే, గేటు దాటడం మాత్రం లేదు. తన చేతిలో బండి ఆగదని ఆవిడకి గట్టి నమ్మకం. ఎన్నేళ్ళు గడిచినా ఆ నమ్మకం తలుచుకుంటే ఏడుపొచ్చేది, నాన్న మీద కోపమొచ్చేది.

"ఏమోయ్," కింద నుంచి గొంతు వచ్చింది. "నీకు నేర్పేటప్పుడు మావయ్య బ్రేకు తొక్కేవారంటావు కదా."

"అంటానేంటి, తొక్కేవారు. లక్షసార్లు చూశాను."

"దేంతో తొక్కేవారు?"

"కాలితో. తలతో తొక్కుతారా ఎవరైనా."

"అది కాదు. ఇలా కిందికి రా ఒకసారి."

రెండో పలక లాక్కుని సీట్లమ్మ మొగుడి పక్కకి జారింది. బండి అడుగంతా నల్లటి తారుపూత. తుప్పు పట్టకుండా పూసేది. ఇంకా గట్టిగానే ఉందని మేస్త్రి దాని జోలికి పోలేదు. పక్కసీటు కిందుగా ఒకచోట పిడికిలంత తారుముద్ద వేలాడుతోంది. మేస్త్రి దాన్ని అప్పటికే స్క్రూడ్రైవరుతో గీకాడు. తారు కింద గుడ్డ కనపడుతోంది. గుడ్డ చివర విప్పితే లోపల రెండు కేబుళ్ళ కొసలు, గ్రీజు పట్టించి ఉన్నవి, నిన్న పెట్టినట్టు తళతళలాడుతున్నాయి.

"తెగిపోయాయా?"

"తెగలేదు. విప్పారు. విప్పి, గ్రీజు రాసి, గుడ్డ చుట్టి, దారంతో కట్టి పక్కన పెట్టారు. ఇన్నాళ్ళూ దీన్ని ఉత్త తారు ముద్దనుకున్నాను. పైన ఉన్న పెడల్స్‌కీ అసలు బ్రేకుకీ ఏ సంబంధమూ లేదు. మావయ్య ఎంత తొక్కినా నేలకి తగిలి టక్కుమనడమే, ఇంకేమీ జరగదు."

"స్కూల్లో ఉన్నప్పుడు బాగానే ఉండేదిగా. నేను మానేశాక ఎప్పుడో విప్పుంటారు."

"మరి పూత సంగతేంటి?" మేస్త్రి ముద్ద మీద వేలితో తట్టాడు. "గుడ్డ మీద తారుంది. అంటే ముందు విప్పారు, తర్వాత పూత పూయించారు. పూత ఎప్పుడు వేయించారో నీకు గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేం. మొదటి పాఠంనాడు చెప్పు జారిపోతే వంగి తీసుకోబోయి చెయ్యి బండి కిందికి పెట్టింది. ఆరని తారు మోచేతి దాకా అంటుకుంది. "కొత్త పూత అని చెప్పానా లేదా," అని అమ్మ విసుక్కుంటూ కిరసనాయిలు పెట్టి తోమింది. చొక్కా చెయ్యి పాడైపోయింది. మొదటి పాఠం. అంటే అంతకుముందే.

"ఇంకో సంగతి," అన్నాడు మేస్త్రి, కాస్త మెల్లగా. "కేబుల్ ఉంటే, ఆయన తొక్కినప్పుడు నీ కాలికింద పెడల్ దానంతటది కిందికి పోవాలి. ఎప్పుడైనా అలా పోయిందా?"

సీట్లమ్మ ఆలోచించింది. బండి కింద వెల్లకిలా పడుకుని, మొహానికి జానెడు ఎత్తులో ఉన్న ఆ రెండు కొసల్ని చూస్తూ, పాఠాలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. పెడల్ ఎప్పుడూ దానంతటది పోలేదు. ఎప్పుడూ తన కాలు దాని మీదే ఉంది, తన కాలే దాన్ని తొక్కుతూ ఉంది. చప్పుడు వినపడేసరికి తను తొక్కింది లెక్కలోకి రాలేదంతే.

"మరి బండి ఎలా ఆగేది?" అని అడిగింది, తెలిసి కూడా.

"నువ్వు తొక్కితే ఆగేది. ఇంకెలా ఆగుతుంది."

దారం తెంపి గుడ్డ చేతిలోకి తీసుకుంది. సగం తారు, సగం గ్రీజు. ఒక మూల మాత్రం శుభ్రంగా ఉంది. నీలిగళ్ళ పాత దుప్పటి ముక్క, వేడిగిన్నెలు దించుకునే మసిగుడ్డ. అంచు మడిచి చేత్తో కుట్టి ఉంది, కుట్లన్నీ ఒకే పక్కకి వాలి ఉన్నాయి. కుట్టు చూస్తే కుట్టిన చెయ్యి తెలుస్తుంది, అందులోనూ సీట్లమ్మకి. మసిగుడ్డకి కూడా అంచు కుట్టేది లోకంలో ఒక్క అమ్మే. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. సీట్లమ్మ ఆ మూల బొటనవేలితో రాస్తూ చాలాసేపు కిందే ఉండిపోయింది. మేస్త్రి కూడా లేవలేదు. పని లేకపోయినా ఏదో నట్టు తుడుస్తూ పక్కనే పడుకున్నాడు.

పెడల్స్ తీసేసి, కన్నాలు మూసి, పైన సీట్లమ్మ కుట్టిన తివాచీ పరిచేసరికి గుమ్మంలో సందడి మొదలైంది. మాస్టారు వచ్చారు, వెంట ఆయన చెల్లెలు. ఈవిడ కూడా ఒకప్పుడు పెద్దమ్మ మీదే నేర్చుకుంది. బ్రేకు కంటే హారను మీద నమ్మకం ఎక్కువ కావడంతో ఊరంతా హారనత్త అని పిలుస్తారు.

"నా సొట్టేదిరా?" అంది అత్త, వచ్చీ రాగానే మడ్‌గార్డు తడుముతూ. "ఇక్కడ నేను స్తంభానికి కొట్టిన సొట్టుండాలి. నా గుర్తు తుడిచేశారా?"

"నీ గుర్తులు ఊళ్ళో ఇంకా చాలా చోట్లున్నాయిలే," అన్నారు మాస్టారు.

ఆయన మాత్రం బండి చుట్టూ తిరిగారు. కర్ర ఒక చేతిలో ఉంచుకుని, రెండో అరచేత్తో బానెట్టు మీద, తలుపు మీద, డిక్కీ మీద నిమిరారు. దీపాల చుట్టూ ఉన్న మెరుపు చట్రంలో తన మొహం చూసుకున్నారు. అల్లుడి భుజం మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడ్డారు. మేస్త్రికి అంతకుమించిన మెప్పు అక్కర్లేదు, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సీట్లమ్మ తలుపు తీసి పక్కసీటుని బయటికి తిప్పింది.

మాస్టారు కుర్చీ కింద చక్రం చూసి గుర్తుపట్టారు. "ఇది సెలూనుది కాదూ. గడ్డం కూడా గీస్తారా?"

"ముందు దీని సంగతి చెప్పు నాన్నా." ఆవిడ పిడికిలి విప్పింది.

మాస్టారు ఆ గుడ్డ వంక చూశారు. మొహంలో నవ్వు మెల్లగా సద్దుమణిగింది.

"దొరికిందా," అన్నారు.

"నాకు పాఠం మొదలుకాకముందే విప్పేశావు."

"అవును."

"విప్పేసి మళ్ళీ తొక్కేవాడివి. టక్కుమని. నా చెవులతో విన్నాను."

"తొక్కేవాణ్ణి. అది నా చేతిలో లేదు తల్లీ, కాల్లో ఉంది. సినిమా హాల్లో కూర్చున్నా తెరమీద బండి వస్తుంటే నా కాలు ముందు సీటుని తన్నేది, మీ అమ్మ నవ్వేది. పరాయి పిల్లల పక్కనైతే కాస్త ఓర్చుకుని తొక్కేవాణ్ణి. నీ దగ్గరకొచ్చేసరికి నువ్వు తొక్కేలోపే తొక్కేస్తానని తెలుసు. నాకు భయం. నీకు దెబ్బ తగులుతుందేమోనని చచ్చేంత భయం. భయపడేవాడి కాలికింద బ్రేకుంటే పక్కవాళ్ళకి ఎన్నటికీ బండి రాదు. కాలుని ఆపలేను కాబట్టి కేబుల్ విప్పేశాను."

"అంటే అన్నిసార్లూ నేనే ఆపానా?"

"అన్నిసార్లూ నువ్వే."

"వంతెన మీద?"

"వంతెన మీద కూడా నువ్వే. ఎత్తులో ఆగావు, మళ్ళీ కదిలేటప్పుడు బండి కొంచెం వెనక్కి జారింది. వెనక లారీ. నేను టక్కుమని తొక్కాను, ఏం లాభం, కింద ఏమీ లేదు. నా ప్రాణం గొంతులోకొచ్చింది. నువ్వు ఆపేశావు. ఎంత చక్కగా ఆపావో నీకు తెలీదు. శభాష్ అందామని నేను నోరు తెరిచేలోపే తలుపు తీసుకుని దిగిపోయావు."

సీట్లమ్మ కళ్ళు నిండాయి. అది సంతోషమో కోపమో ఆవిడకే తెలియలేదు, రెండూ అయి ఉంటాయి. "ఒక్కమాట చెప్పొచ్చు కదా నాన్నా. ఒక్కటంటే ఒక్కమాట. ఇన్నేళ్ళూ చేతకానిదాన్నని బతికాను. నా మొగుడి షెడ్డులో ఇన్ని బళ్ళు పెట్టుకుని కూరగాయలకి నడిచి వెళ్ళాను. నీ మీద ఎంత కోపం పెట్టుకున్నానో నీకు తెలుసా?"

"తెలుసు. ఆ రాత్రే చెప్పబోయాను. జాలిపడి అబద్ధమాడుతున్నావు అన్నావు, తలుపేసుకున్నావు. తర్వాత కుట్టుపని పట్టావు, అందులో నీ మొహం వికసించడం చూశాను. పెళ్ళయింది, పిల్లాడు పుట్టాడు, వాడు పైచదువులకెళ్ళాడు. ఎప్పుడు చెప్పాలన్నా నీ గెలుపుని నేనేదో దానం చేస్తున్నట్టుండేది. అలా ఇస్తే పుచ్చుకునే మనిషివి కాదు నువ్వు. మీ అమ్మ పోలిక." మాస్టారు కర్ర రెండో చేతిలోకి మార్చుకున్నారు. "తప్పే చేశానేమో. అనుకోని రోజు లేదు."

హారనత్త ముక్కు తుడుచుకుంది. "నాకెందుకు విప్పలేదన్నయ్యా ఆ కేబులు?"

"నీకు విప్పితే ఊళ్ళో జనం మిగిలేవాళ్ళు కాదే."

అందరూ నవ్వారు, సీట్లమ్మ కూడా. ఏడుస్తూ నవ్వితే దగ్గొచ్చింది. మేస్త్రి మంచినీళ్ళ సీసా అందించాడు.

"మావయ్యా, కావాలంటే పెడల్స్ మళ్ళీ బిగిస్తాను. సీటు కొంచెం వెనక్కి జరిపితే పడతాయి."

"వద్దు," అన్నారు మాస్టారు. "నా కాలికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. ఎప్పుడూ నా మాట వినలేదది. అప్పుడు ఆగమంటే తొక్కేది, ఇప్పుడు తొక్కమంటే ఆగిపోతోంది."

కర్ర అల్లుడికిచ్చి, తలుపు పక్కన కొత్తగా పెట్టిన కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా సీటు మీద కూర్చున్నారు. సీట్లమ్మ చెయ్యి ముందుకెళ్ళబోయింది, బలవంతాన ఆపుకుంది. మాస్టారు ఎడమకాలితో నేలని తోశారు. సీటు తిరిగింది. పాదాల పలక కుడికాలిని మోసుకుంటూ గడప దాటింది, ఎక్కడా తగల్లేదు. చూస్తుండగానే ఆయన లోపల, ముందుకి తిరిగి, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఒకసారి అటూ ఇటూ చూసుకున్నారు.

"ఎవరూ పట్టుకోలేదు కదా?" అని అడిగారు.

"ఎవరూ పట్టుకోలేదు నాన్నా."

ఆయన మొహం అవతలికి తిప్పుకుని, "రెక్సిన్ బాగా కుట్టావు," అన్నారు.

సీట్లమ్మ లోపలికెళ్ళి అలమరలోంచి లైసెన్సు తెచ్చుకుంది. కొంగు దోపి, చుట్టూ తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. బెల్టు పెట్టుకుంది, నాన్నకి పెట్టింది. అద్దం రెండుసార్లు సరిచేసుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే అత్త గేటు తెరిచి పట్టుకుని నోరు కుట్టేసుకున్నట్టు నిలబడింది. తాళం తిప్పితే పెద్దమ్మ ఒకసారి దగ్గి, సర్దుకుని, పాతరోజుల గొంతుతోనే పలికింది.

"ఊరికే అలా ఒక చుట్టు తిప్పి ఇంటి దగ్గర దింపు చాలు," అన్నారు మాస్టారు.

గేటు దాటింది. సందు చివర ఒక సైకిలు అడ్డమొచ్చింది. సీట్లమ్మ కాలు దిగింది, బండి ఆగింది, సైకిలు వెళ్ళిపోయింది. చప్పుడేమీ లేదు. ఓరకంట చూస్తే నాన్న చెయ్యి కమ్మీని బిగించి పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడ్డాయి. రెండో మలుపు దగ్గర బంతి వెంట పరిగెత్తే పిల్ల. మళ్ళీ ఆగింది. మార్కెట్టు దగ్గర తోపుడుబండి. మళ్ళీ ఆగింది. మూడోసారి చూసేసరికి కమ్మీ మీద చెయ్యి లేదు. ఒళ్ళో పడి ఉంది. ఇంకాస్త దూరం పోయాక చూస్తే మాస్టారు తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉన్నారు.

నడిచే కారులో ఆయన కళ్ళు మూసుకోవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. బస్సులో కూడా డ్రైవరు వెనక నిలబడి వాడికంటే ముందు రోడ్డు చూసే మనిషి. నాన్న నిద్రపోతున్నాడు, తను నడుపుతుంటే నిద్రపోతున్నాడు. ఈ మాట లోపల అనుకునేసరికి సీట్లమ్మ గుండె నిండిపోయింది. గేరు మార్చాల్సిన చోట కూడా కాసేపు మార్చకుండా మెల్లగా పోనిచ్చింది, కుదుపు తగులుతుందని.

రోడ్డు చీలేచోటు వచ్చింది. ఎడమకి పోతే ఇల్లు. కుడికి పోతే వంతెన.

ఆవిడ కుడివైపు ఇండికేటరు వేసింది. టిక్కు టిక్కుమని మోగింది.

"ఇల్లు ఎడమవైపు కదా," అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే.

"తెలుసు నాన్నా. నిద్రపోలేదా నువ్వు?"

"పడుతోంది. ఇండికేటరు చప్పుడుకి మెలకువొచ్చింది." తల సీటుకి సరిగ్గా ఆనించుకున్నారు. "వేసినదాన్ని తియ్యకు. పోనీ."

బండి కుడికి తిరిగింది. ఎదురుగా రోడ్డు మెల్లగా పైకి లేస్తోంది. వంతెన నడుమ సిగ్నలు దీపం అప్పుడే ఎర్రబడింది. ముందున్న బళ్ళు వరుసగా ఆగుతున్నాయి. ఎత్తులో, ఆరోజు ఆగినచోటికి కాస్త అటూ ఇటూగా, పెద్దమ్మ కూడా ఆగింది. అద్దంలో ఒక లారీ పెద్దదవుతూ వచ్చి వెనకే నిలబడింది. ఆరోజు అక్కడ, వెనకసీట్లో, అమ్మ కూర్చుని ఉంది. తను దిగి నడుస్తుంటే వెనక అద్దంలోంచి చూస్తూ ఉండిపోయింది. పిలవలేదు.

"ఆ మసిగుడ్డ ఇచ్చింది మీ అమ్మే," అన్నారు మాస్టారు. ఇప్పుడాయన కళ్ళు తెరిచి ఉన్నాయి. చూస్తున్నది రోడ్డుని కాదు, కూతుర్ని. "కేబుల్ విప్పమన్నదీ తనే. నాకంత ధైర్యం ఎక్కడిది. ఆరోజు వెనకసీట్లో ఊరికే రాలేదు తల్లీ. నీకో మాట చెప్పాలని వచ్చింది. నువ్వు వంతెన దాటాక చెప్తానంది. నువ్వు దాటలేదు. ఇంటికొచ్చాక నాతో చెప్పి, పిల్ల ఆ వంతెన దాటిననాడు మీరే చెప్పండి, అంతకుముందు చెప్పారో నామీద ఒట్టే అంది. పోయేముందు కూడా అడిగాను, ఇప్పుడైనా పిలిచి చెప్పెయ్యనా అని. దాటనీండి అంది."

సీట్లమ్మ నాన్న వైపు తిరిగింది. "ఏం మాట నాన్నా?"

"దాటు."

వెనక లారీ హారను కొట్టింది. ఆ బండిలో ఇప్పుడు బ్రేకు ఒక్కటే ఉంది, దానిమీద ఉన్నది ఆవిడ కాలు. ఎదురుగా దీపం పచ్చగా మారింది.